గ్రేట్‌ఫుల్ డెడ్ కచేరీల సీడీలు, క్యాసెట్లు బెజవాడలో కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

బెజవాడ, గుంటూరు వైపు ఒకతను గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికా రాక్ బ్యాండు పాత కచేరీల సీడీ సెట్లు, క్యాసెట్లు "అమెరికా ఒరిజినల్" అని చెప్పి అమ్ముతున్నాడు. అవి ఒరిజినల్ కావు. నేను 15,500 రూపాయలు పోగొట్టుకున్నాను. గుంటూరు అరండల్‌పేటలో ఉండే ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు 11,000 పోగొట్టుకున్నారు. అతని పేరు, ఫోన్ నంబరు ఫిర్యాదులో ఇచ్చాను, ఇక్కడ రాయడం లేదు. సరుకు ఎలా ఉంటుందో మాత్రం విడమరిచి చెబుతాను. మీ చేతికి వస్తే మీరే గుర్తుపట్టొచ్చు.

ఏలూరు రోడ్డులో లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాలు చూస్తుంటే పలకరించాడు. అక్కడి షాపుల వాళ్ళకి ఇతనితో ఏ సంబంధమూ లేదు. ఇరవై ఏళ్ళుగా వాళ్ళ దగ్గర కొంటున్నాను, వాళ్ళని అనుమానించొద్దు. నా టీషర్టు మీద బొమ్మ చూసి "అన్నా, మీరు డెడ్ వింటారా?" అన్నాడు. ఇన్నేళ్ళలో బెజవాడలో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. ఆ ఒక్క ప్రశ్నకే సగం నమ్మేశాను. "మా చిన్నాన్న శాన్‌హోజేలో ముప్ఫై ఏళ్ళుండి వచ్చేశారన్నా. సామానంతా తీసేస్తున్నాం. విలువ తెలిసినోళ్ళకే ఇద్దామని చూస్తున్నా" అన్నాడు. మర్నాడు బెంజి సర్కిల్ దగ్గర టీ కొట్టులో కలిశాం. సీలు వేసిన ప్లాస్టిక్ కవర్లో మూడు సీడీల సెట్టు, ఒక చెప్పుల డబ్బాలో ఆరు క్యాసెట్లు. సెట్టు 9,500, క్యాసెట్లు 6,000. ఫోన్లోనే కట్టేశాను.

ఆ సెట్టుకి అంత డబ్బెందుకని ఈ బ్యాండు తెలియనివాళ్ళు అడగొచ్చు. 1965లో కాలిఫోర్నియాలో మొదలై, 1995 ఆగస్టులో వాళ్ళ గిటారిస్టు, గాయకుడు జెర్రీ గార్సియా చనిపోయేదాకా వీళ్ళు సుమారు 2,300 కచేరీలు చేశారు. ఏ రెండు రాత్రులూ ఒకేలా వాయించలేదు. నిన్న ఎనిమిది నిమిషాల్లో అయిపోయిన పాట ఇవాళ ఇరవై నిమిషాలు సాగుతుంది, మధ్యలో దారి మళ్ళి ఇంకో పాటలోకి వెళ్ళిపోతుంది. మన నాదస్వర కచేరీలో ఒకే రాగాన్ని ఒక్కో రాత్రి ఒక్కోలా పెంచే విద్వాంసుల్ని విన్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. అందుకే ఈ అభిమానులు పాట పేరు కన్నా తేదీ అడుగుతారు. 1977 మే 8, కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్ అంటే చాలు, అందరికీ తెలుసు. ఆ రికార్డింగును అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ జాబితాలోనే చేర్చింది.

బ్యాండు తన దగ్గరున్న టేపుల్లోంచి ఏరి 1993 నుంచి డిక్స్ పిక్స్ పేరుతో విడుదల చేస్తూ వచ్చింది. ఆ టేపుల గదిని కనిపెట్టుకుని ఉన్న డిక్ లాట్వాలా పేరు మీద పెట్టిన వరుస అది. ఆయన 1999లో పోయారు. ఆ వరుస 36 భాగాలతో ముగిశాక, 2012లో, డిక్ తర్వాత ఆ టేపుల్ని చూసుకుంటున్న డేవిడ్ లెమ్యూ ఏరికతో డేవ్స్ పిక్స్ మొదలైంది. మొదటి భాగం 1977 మే 25న వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో జరిగిన కచేరీ. వేసింది 12,000 సెట్లే, ఒక్కో సెట్టుకి ఒక్కో నంబరు. ఎప్పుడో అయిపోయాయి. నాకు అమ్మింది అదే. దొరకని సరుకు కాబట్టే నకిలీ వేశాడు.

ఇంటికొచ్చి ఆ రాత్రే పెట్టాను. మొదటి సీడీ బాగానే ఉన్నట్టు అనిపించింది, తాళాలు మాత్రం కాస్త ఇసక రాలినట్టు వినిపించాయి. 1977 టేపు కదా అని సరిపెట్టుకున్నాను. కచేరీ రెండో భాగం దగ్గరకొచ్చేసరికి దొరికిపోయింది. అక్కడ పాటలు ఒకదాంట్లోంచి ఒకటి అతుకు కనబడకుండా పారాలి, డ్రమ్ములు ఆగకూడదు. ట్రాకు మారినప్పుడల్లా చిన్న ఖాళీ. రెప్పపాటు కూడా ఉండదు, అయినా దారిలో గుంటలో చక్రం పడ్డట్టు గుండె ఆగుతుంది. ఎంపీ3 ఫైళ్ళ మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దం చేరుతుంది. వాటిని అలాగే సీడీకి ఎక్కిస్తే ఈ ఖాళీలు వస్తాయి. ఫ్యాక్టరీలో అచ్చయిన సీడీలో రావు.

లేచి లైటు వేసి సీడీ వెనక్కి తిప్పాను. అంచున నీలం ఆకుపచ్చ కలిసిన ఛాయ. ఇంట్లో మనం రాసుకునే ఖాళీ సీడీలకే ఆ రంగుంటుంది. ఏటవాలుగా పట్టుకుంటే రాసిన మేర ఒక ఛాయ, రాయని అంచు ఇంకో ఛాయ, మధ్యలో గీత. తర్వాత అట్ట చూశాను. కుడి మూల మడత పడ్డట్టు తెల్లటి గీత ఉంది. వేలితో రాస్తే అక్కడ మడతే లేదు, అట్ట నున్నగా ఉంది. ఎవరిదో వాడిన అట్టని స్కాన్ చేసి ప్రింటు తీసినప్పుడు ఆ మడత కూడా బొమ్మలో వచ్చేసింది.

మర్నాడు కంప్యూటర్లో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి స్పెక్ట్రోగ్రామ్, అంటే సన్నటి శబ్దాలు ఎంత పైదాకా ఉన్నాయో చూపే బొమ్మ, చూశాను. సీడీలో 22 కిలోహెర్ట్జ్ దాకా శబ్దం పడుతుంది. నా సీడీలో 16 దగ్గర కత్తెరతో కత్తిరించినట్టు ఆగిపోయి, పైన అంతా నలుపు. పాత టేపుకి పైన బుస ఉంటుంది, అది మెల్లగా పలచబడుతుంది కానీ ఇలా గీత గీసినట్టు ఆగదు. తక్కువ రకం ఎంపీ3 గుర్తు ఇది.

ఇంకెవరైనా కొన్నారేమోనని తెలిసినవాళ్ళని అడిగితే గుంటూరు మాస్టారి సంగతి తెలిసింది. ఫోన్ చేస్తే "మీ డబ్బా కూడా పట్టుకురండి బాబూ, పక్కపక్కన పెట్టి చూద్దాం" అన్నారు. ఆదివారం వెళ్ళాను. ఆయనకి 78 ఏళ్ళు. బల్ల మీద తుండుగుడ్డ పరిచి రెండు సెట్లూ పెట్టారు, కళ్ళజోడు సర్దుకుని, భూతద్దం తీశారు. రెండింటి మీదా ఒకటే నంబరు. నాలుగంకెలూ అవే. కుడి మూల అదే మడత గీత. 12,000 సెట్లలో ఒక్కోదానికి ఒక్కో నంబరు ఉండాల్సినచోట, బెజవాడలో ఒకటి, గుంటూరులో ఒకటి, రెండూ ఒకటే. ఆయనకి చెప్పిన కథలో చిన్నాన్న లేడు, మేనమామ, ఊరు చికాగో.

మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికెళ్ళి ఒక పాత క్యాసెట్టు తెచ్చారు. మాక్సెల్ 90 నిమిషాలది, నీలం ఇంకుతో తేదీ, పాటల వరస. 1994లో వాళ్ళబ్బాయి అమెరికా చదువుకి వెళ్ళినప్పుడు అక్కడి స్నేహితుడు ఎక్కించి ఇచ్చాడట. "డబ్బులివ్వబోతే తీసుకోలేదంట నాన్నా, ఖాళీ క్యాసెట్టొకటి, పోస్టు ఖర్చూ ఇస్తే చాలంట అని రాశాడు మావాడు. అలాంటి మనుషుల పాటలు కదా, అమ్మేవాడూ అలాంటివాడే అనుకున్నా" అన్నారు. పెన్షన్ డబ్బు పోయినందుకు కాదు, ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు మారింది. నాకు కోపం వచ్చింది అక్కడే.

ఈ టేపుల సంగతి తెలిసినవాళ్ళకి ఆ కోపం అర్థమవుతుంది. ఈ బ్యాండు తన కచేరీల్ని జనం రికార్డు చేసుకోనిచ్చింది. 1984 అక్టోబరు నుంచి హాల్లో వాళ్ళకి విడిగా చోటే కేటాయించింది, దాన్నే టేపర్ సెక్షన్ అంటారు. ఒకటే నియమం: పంచుకోండి, అమ్ముకోకండి. అభిమానులు దాన్ని దేవుడి ప్రసాదంలా పాటించారు. బరువైన డెక్కులు, మైకులు మోసుకెళ్ళి, రాత్రంతా నిలబడి తీసి, ఊరూపేరూ తెలియనివాళ్ళకి కాపీలు ఎక్కించి పంపారు. ఆ టేపులు ఇవాళ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వేలకొద్దీ ఉన్నాయి. బ్యాండు సౌండ్‌బోర్డు (స్టేజీ మైకులన్నీ కలిపే యంత్రం) నుంచి వచ్చినవి అక్కడ వినడానికే, జనంలోంచి తీసినవి దింపుకోవచ్చు కూడా. పైసా కట్టక్కర్లేదు. అలా ఉచితంగా ఉన్నదాన్ని క్యాసెట్టుకి ఎక్కించి వెయ్యేసి రూపాయలకి అమ్ముతున్నాడితను.

నా ఆరు క్యాసెట్లు అవే. ఒకదాని మీద "టేపర్ సెక్షన్, 1982" అని రాసి ఉంది. 1982లో ఆ సెక్షనే లేదు. ఇంకొక దాన్ని పరీక్షగా చూస్తే, పైన రికార్డు చేయకుండా విరగ్గొట్టే చిన్న పలకల స్థానంలో రెండు వైపులా సెల్లోటేపు అంటించి ఉంది. అంటే ఎవరో కొన్న అచ్చు క్యాసెట్టు మీద మళ్ళీ రికార్డు చేశాడు. బి సైడు చివరిదాకా విన్నాను. చప్పట్లు సగంలో తెగాయి, రెండు క్షణాలు నిశ్శబ్దం, ఆ వెంటనే తెలుగులో భక్తి పాట చివరి చరణం, హార్మోనియంతో సహా. కాలిఫోర్నియాలో హాల్లో కూర్చుని తీసిన టేపు అడుగున తెలుగు భక్తి పాట ఎలా ఉంటుంది?

కాబట్టి ఎవరైనా ఇలాంటివి తెస్తే మొదట సీలు విప్పించండి. "సీలు తీస్తే విలువ పోద్దన్నా" అంటాడు, నాతోనూ అన్నాడు. ఒప్పుకోకపోతే లేచి వచ్చేయండి. సీడీ వెనక వెండిలా తెల్లగా మెరవాలి, మధ్య రంధ్రం చుట్టూ అద్దంలాంటి వలయంలో అచ్చయిన అక్షరాలు, అంకెలు ఉండాలి, అవి ఆ ఆల్బమ్‌వే అయ్యుండాలి. ఫోటో తీసుకుని, ఆల్బమ్‌ల వివరాలు ఉండే డిస్కాగ్స్ సైటులో ఆ విడుదల పేజీతో పోల్చుకోండి, పది నిమిషాల పని. సెట్టు నంబరు ముందే అడిగి రాసిపెట్టుకోండి. దగ్గర ప్లేయరుంటే పాట నుంచి పాటకి మారేచోటే వినండి, మధ్యలో వింటే ఏమీ తెలియదు. ఇక అభిమానులు తీసిన టేపుకి ఎవరైనా డబ్బు అడిగితే, టేపు నిజమైనదైనా సరే, కొనొద్దు.

ఫిర్యాదు విషయంలో నేను పొరపాటు చేశాను. "మార్చి ఇస్తానన్నా, రెండ్రోజులాగు" అన్న మాట పట్టుకుని పంతొమ్మిది రోజులు ఆగాను. తర్వాత ఫోన్ స్విచాఫ్. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేస్తే, వెంటనే చేసుంటే డబ్బు వెళ్ళిన ఖాతాని ఆపే అవకాశం ఎక్కువుండేదన్నారు. ఫిర్యాదు నమోదైంది, డబ్బు ఇంకా రాలేదు. మీరు మోసపోయారని తెలిసిన గంటలోనే 1930కి చేయండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కూడా ఉంది. అతను పంపిన మెసేజులు, డబ్బు కట్టిన స్క్రీన్‌షాటు, ఆ ప్లాస్టిక్ కవరు, ఏదీ పారేయకండి.

ఈ రెండు మూడేళ్ళలో ఈ వైపు ఎవరి దగ్గరైనా డేవ్స్ పిక్స్ మొదటి భాగం కొనుంటే, ఇప్పుడే తీసి కుడి మూల వేలితో రాసి చూడండి. మడత కళ్ళకి కనిపించి వేలికి తగలకపోతే నాకు చెప్పండి, మా ఫిర్యాదుకి మీదీ జతచేద్దాం. తెనాలి నుంచి ఇంకొకాయన ఫోన్ చేశారు. వచ్చే ఆదివారం తన సెట్టు పట్టుకుని మాస్టారింటికి వస్తున్నారు.