మూడేళ్లుగా వాడుతున్న స్మోక్ మెషీన్: పీ0456 కోడ్‌కి నిజంగా పనికొచ్చిందా?

మేముండేది డాలస్ పక్కన, కాలిన్ కౌంటీలో. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ తీసేశారు కానీ మా కౌంటీలో ఎమిషన్స్ టెస్టు అలాగే ఉంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంటే పాస్ అవ్వదు. మూడేళ్ల కిందట నా 2011 మోడల్ సెడాన్‌లో ఆ లైటు వచ్చింది. కోడ్ పీ0456. పెట్రోల్ ఆవిరి బయటికి పోకుండా పట్టి ఉంచే ఈవాప్ సిస్టమ్‌లో ఎక్కడో చాలా సన్నటి లీకు ఉందని అర్థం. ఎంత సన్నదంటే, అర మిల్లీమీటరు బెజ్జాన్ని కూడా కారు కంప్యూటర్ పట్టేస్తుంది. నడపడంలో ఏ తేడా లేదు, వాసన కూడా లేదు.

అందరూ చెప్పేదే నేనూ చేశాను, ముందు గ్యాస్ క్యాప్, అంటే పెట్రోల్ ట్యాంకు మూత మార్చాను. రెండు వారాలకి మళ్లీ లైటు. ఒక షాపుకి తీసుకెళ్తే పర్జ్ వాల్వ్ (ఆ ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే వాల్వ్) పోయిందన్నారు, పరీక్ష ఏమీ చేయకుండానే మార్చారు, 200 డాలర్లు దాటింది, పది రోజులకి మళ్లీ అదే కోడ్. అప్పుడు కొన్నాను ఈ స్మోక్ మెషీన్ని, 110 డాలర్లు పెట్టి. ఇదే డబ్బాని చాలా పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి ఏ కంపెనీదన్నది పక్కన పెడుతున్నాను.

చిన్నప్పుడు సైకిల్ షాపులో ట్యూబుకి గాలి కొట్టి నీళ్ల తొట్టెలో ముంచి, బుడగలు ఎక్కడొస్తే అక్కడ పంక్చర్ అని గుర్తు పెట్టేవాళ్లు కదా, ఇదీ అంతే, నీళ్లకి బదులు పొగ. లోపల బేబీ ఆయిల్ పోస్తాం, కారు బ్యాటరీ కరెంటుతో అది వేడెక్కి తెల్లటి పొగ అవుతుంది, ఆ పొగని గొట్టంతో సిస్టమ్‌లోకి పంపాలి. ప్రెజర్ 1 పీఎస్ఐ లోపే ఉండాలి, ఎక్కువైతే ఉన్న లీకు సంగతి అటుంచి కొత్త లీకులు తయారవుతాయి. దీని రెగ్యులేటర్ మీద నాకు నమ్మకం లేదు, అందుకే విడిగా చిన్న గేజ్ కొని మధ్యలో పెట్టుకున్నాను.

మెషీన్‌తో వచ్చిన కాగితంలో లేనిది, నాకు ఒక శనివారం మొత్తం తినేసినది ఏంటంటే, క్యానిస్టర్ (పెట్రోల్ ఆవిరిని పీల్చి ఉంచుకునే బొగ్గు డబ్బా) దగ్గరుండే వెంట్ వాల్వ్, అంటే బయటి గాలి వచ్చే దారి, మామూలుగా తెరిచే ఉంటుంది. దాన్ని మూయకపోతే పొగంతా అక్కడినుంచే పోతుంది, మనం అదే లీకనుకుంటాం. ఆ వాల్వ్‌ని మూయమని ఆదేశం ఇవ్వగలిగే స్కానర్ ఉంటే మంచిది, కోడ్ మాత్రమే చదివే చవక స్కానర్‌తో ఆ పని జరగదు. నేను మొదట్లో వెంట్ గొట్టానికి రబ్బరు బిరడా పెట్టేవాడిని, కానీ వాల్వ్ లోపలే సరిగా మూసుకోకపోతే ఆ లోపం బిరడా వల్ల కనపడకుండా పోతుంది.

ఇంకొకటి, గ్యాస్ క్యాప్ తీసి ఉంచి అక్కడ పొగ వచ్చేదాకా ఆగి, తర్వాత క్యాప్ బిగించాలి. అప్పటికి గానీ సిస్టమ్ అంతా పొగ నిండినట్టు కాదు. ఆ తర్వాత మెషీన్ మీదున్న ఫ్లో మీటరులో గోళీ కిందికి దిగిపోతే లీకు లేనట్టు, తేలుతూ ఉంటే ఉన్నట్టు.

నా కారులో దొరికింది వెంట్ వాల్వ్ క్యానిస్టర్‌కి అతుక్కునే చోట ఓ-రింగ్. మధ్యాహ్నం ఎండలో ఎంత చూసినా పొగ రాలేదు. జనవరిలో ఒక చలి పొద్దున, కారు కింద టార్చి వేసి చూస్తే అగరబత్తి చివర నుంచి లేచినట్టు సన్నటి గీత. రబ్బరు చలికి బిగుసుకుని సందు ఇచ్చిందన్నమాట. రింగు ఖరీదు 4 డాలర్లు.

పక్కింటాయన వ్యాన్‌లో మాత్రం బయట ఎక్కడా పొగ కనపడలేదు, గోళీ మాత్రం తేలుతూనే ఉంది. పర్జ్ వాల్వ్ లోపలే కారుతుంటే పొగ ఇంజిన్‌లోకి పోతుంది, బయట ఎంత వెతికినా దొరకదు. ఇంజిన్ వైపు గొట్టం ఊడదీసి చూస్తే అక్కడ బయటపడింది.

మూడేళ్లలో మెషీన్‌కి వచ్చిన రిపేరు ఒక్కటే, పొగ గొట్టం మెడ దగ్గర పగిలింది, కోసి మళ్లీ క్లిప్పు వేశాను. వేడెక్కడానికి ఇప్పుడు కాస్త ఎక్కువ సేపు పడుతోంది. గరాజ్ లోపల మాత్రం దయచేసి వాడొద్దు, పెట్రోల్ ఆవిరితో పని, పైగా వీటిలో చాలావాటిలో పొగతో పాటు వెళ్లేది మామూలు గాలే, అది ఆవిరితో కలిస్తే నిప్పంటుకోవచ్చు. ఆరుబయట, మెషీన్ని గొట్టం అందినంత దూరంలో పెట్టి చేయండి.

బాగు చేశాక కోడ్ చెరిపేసి నేరుగా టెస్టుకి వెళ్లొద్దు, మానిటర్లన్నీ, అంటే కారు కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. ఈవాప్‌ది సాధారణంగా ఆఖర్న పూర్తవుతుంది. ట్యాంకు సగం దగ్గర ఉంచి, రాత్రంతా ఆపిన కారుని పొద్దున్నే తీసి నడపండి. నాకు ఐదు రోజులు పట్టింది.

ప్రస్తుతం మెషీన్ ఫ్రిస్కోలో మా బావమరిది దగ్గరుంది, వాళ్ల కారుకి పీ0442 (ఇదీ ఈవాప్ లీకు కోడే, కాస్త పెద్ద లీకుది) వచ్చింది, క్యాప్ కొనకముందే ఫోన్ చేశాడు.