విశాఖ రేవు చరిత్ర: ఉపాధ్యాయులకు పడవ మేలా, కొండ మేలా?

సాంఘిక శాస్త్రం బోధించే ఉపాధ్యాయులకు విశాఖపట్నం రేవు చరిత్రను ఒక్క పూటలో చూపించాలంటే మూడు దారులున్నాయి: ఫిషింగ్ హార్బర్ వైపు నుంచి పడవలో డాల్ఫిన్ నోస్ కొండ ముందుకు వెళ్లడం, వన్‌టౌన్‌లోని రాస్ హిల్ ఎక్కడం, బీచ్ రోడ్డులోని కురుసుర జలాంతర్గామిని చూడడం.

మూడోదాన్ని ముందే పక్కన పెట్టవచ్చు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో సేవ విరమించిన కురుసుర నౌకాదళం కథ చెబుతుందే గాని రేవు కథ చెప్పదు. పిల్లలతో వెళ్లేటప్పుడైతే మాత్రం నా మొదటి ఓటు దానికే.

రాస్ హిల్ మీద చర్చి ఆవరణలో నిలబడితే రేవులోకి దారితీసే కాలువ కిందనే కనిపిస్తుంది. బ్రిటిష్ కాలపు మధ్య పరగణాల (సెంట్రల్ ప్రావిన్సెస్) మాంగనీసు ఖనిజానికి సముద్రపు దారి కావలసి వచ్చి, ఉప్పుటేటి చిత్తడిని తవ్వి లోపలి రేవును కట్టారనీ, 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ అందులోకి మొదటిసారి వచ్చిందనీ అక్కడ తాపీగా చెప్పవచ్చు, అందరికీ వినిపిస్తుంది కూడా.

పడవలో ఆ సౌకర్యం లేదు. ఇంజను హోరులో మాట వినిపించదు, కొందరికి కడుపులో తిప్పుతుంది, పైగా యాత్రికుల పడవలను లోపలి కాలువలోకి రానివ్వరు. అయినా కొండ చూపించలేనిదొకటి పడవ చూపిస్తుంది. ఒడ్డున నిలబడితే విరిగే అల ముఖం కనిపిస్తుంది, సముద్రం మీది నుంచి చూస్తే దాని వీపు కనిపిస్తుంది. అల లేచినప్పుడల్లా ఒడ్డున నిలబడ్డ మనుషులు మాయమై మళ్లీ తేలుతారు. రేవు లేని రోజుల్లో ఓడలు ఈ బయటి నీళ్లలోనే లంగరు వేసేవనీ, కొబ్బరి పీచు తాళ్లతో పలకలను కుట్టిన మసూలా పడవలు ఆ అలల మీదుగానే సరుకు మోసేవనీ అప్పుడు ఒంటికి తెలుస్తుంది. 1804 సెప్టెంబరులో ఫ్రెంచి నౌకలు వచ్చి పడినప్పుడు బ్రిటిష్ యుద్ధనౌక సెంచూరియన్, దాని రక్షణలోని రెండు వర్తక నౌకలు ఇలా లంగరు మీదే ఉన్నాయి. వాటిలో ఒకటి ఒడ్డుకు కొట్టుకుపోయి పగిలింది, రెండోది ఫ్రెంచివారి చేతికి చిక్కింది. నైరుతి అలలకు డాల్ఫిన్ నోస్ ఎలా అడ్డు నిలుస్తుందో, అంటే రేవు ఇక్కడే ఎందుకు పుట్టిందో, అక్కడి నుంచి చూస్తే వేరే వివరణ అక్కరలేదు.

తేదీలను పుస్తకంలో చదువుకోవచ్చు కనుక, ఒక్కటే ఎంచుకోమంటే నేను పడవనే ఎంచుకుంటాను. అయితే తుఫానుల కాలమైన అక్టోబరు, నవంబరు నెలలను వదిలి, జనవరి, ఫిబ్రవరిలో వెళ్లడం మంచిది. వేసవి శిక్షణ సమయంలో, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సాగే చేపల వేట నిషేధం వల్ల మరబోట్లన్నీ జెట్టీ దగ్గర కట్టి ఉంటాయి. అది కూడా చూడదగ్గదే. చెప్పవలసిందంతా జెట్టీ మీదే చెప్పి, పడవలో ఉపన్యాసం మానేసి, తిరిగి వచ్చాక తలా ఒక తెల్ల కాగితం ఇచ్చి సముద్రం వైపు నుంచి చూసిన తీరాన్ని గీయమనాలి.