క్రియేటివిటీ మీద పీహెచ్‌డీ చేయాలంటే ల్యాబా, లెక్కలా, ఊరా? ఏది మేలు?

ఎంఏ సైకాలజీ పిల్లలు మామూలుగా అడిగేది క్లినికలా కౌన్సెలింగా అని. ఈమధ్య కొంతమంది క్రియేటివిటీ, కల్చర్ మీద పనిచేయాలనుంది, అదొక కెరీర్ అవుతుందా అని అడుగుతున్నారు, నాకు భలే సంతోషంగా ఉంది. అవుతుంది. 1950లో గిల్‌ఫర్డ్ అమెరికా సైకాలజిస్టుల సంఘానికి అధ్యక్షుడిగా మాట్లాడుతూ ఈ సబ్జెక్టుని మనవాళ్లు అస్సలు పట్టించుకోవట్లేదని గట్టిగా చెప్పాడు, అప్పట్నుంచి దీని మీదే జీవితమంతా పనిచేసినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ముగ్గురివి మూడు వేరువేరు దారులు, అవి చూస్తే మీకేది నప్పుతుందో తెలుస్తుంది.

మొదటిది ల్యాబ్ దారి, థెరెసా అమాబిలేది. ఆవిడ డిగ్రీలో చదివింది కెమిస్ట్రీ, తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో 1977లో సైకాలజీ పీహెచ్‌డీ. ఆవిడ చేసిన ఒక ప్రయోగంలో ఆడపిల్లల్ని, ఏడు నుంచి పదకొండేళ్లవాళ్లని, కూర్చోబెట్టి రంగు కాగితాలు, జిగురు ఇచ్చి కొలాజ్‌లు చేయమన్నారు. ఒక గుంపుకి బాగా చేసినవాళ్లకే ప్రైజులు అని చెప్పారు, ఇంకో గుంపుకి ప్రైజులు లాటరీ తీసి ఇస్తామన్నారు. తర్వాత ఆర్టిస్టులని పిలిచి మార్కులేయమంటే, పోటీ అని చెప్పిన పిల్లల కొలాజ్‌లకే తక్కువ వచ్చాయి. ఇందులో నాకు నచ్చేది ఆ మార్కులేసే పద్ధతి: జడ్జీలకి ముందుగా ఏ డెఫినిషనూ ఇవ్వరు, ఆ కళ తెలిసినవాళ్లు ఎవరికి వాళ్లు విడిగా చూసి వేయాలి, ఆ మార్కులు ఒకదానికొకటి దగ్గరగా వస్తేనే లెక్కలోకి తీసుకుంటారు. 1995లో ఆవిడ హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చేరారు, ఏడు కంపెనీల్లో 238 మంది చేత రోజూ డైరీ రాయించి దాదాపు 12,000 ఎంట్రీలు చదివారు. ఉద్యోగాల పరంగా చూస్తే ఈ దారికి తిరుగులేదు, మేనేజ్‌మెంట్ కాలేజీలు, కంపెనీలు కూడా తలుపు తీస్తాయి. కల్చర్ మాత్రం ఇందులో పక్కకి పోతుంది, కొలాజ్ చేస్తున్న పిల్ల ఏ ఇంటి నుంచి వచ్చింది, ఏం చూస్తూ పెరిగింది అనేది ఆ మార్కుల్లో కనపడదు.

రెండోది డీన్ కీత్ సైమంటన్ దారి, పూర్తిగా చరిత్ర, లెక్కలు. 1975లో ఆయన యూరప్ చరిత్రని క్రీ.పూ. 700 నుంచి 1839 దాకా ఇరవయ్యేళ్లకో తరం చొప్పున 127 తరాలుగా విడగొట్టి, దాదాపు 5000 మంది సృజనకారుల్ని అందులో సర్ది, ఏ కాలంలో ఎక్కువమంది పుట్టుకొచ్చారు, ఎందుకు అని చూశాడు. ముందు తరాల్లో గొప్పవాళ్లు ఉంటే తర్వాతి తరంలోనూ వస్తారని, ఒకే పెద్ద సామ్రాజ్యం కన్నా చిన్నచిన్న రాజ్యాలుగా ఉన్న కాలాలు మేలని తేలింది. స్టాటిస్టిక్స్ ఇష్టమైతే, లైబ్రరీలో ఏళ్ల తరబడి కూర్చునే ఓపిక ఉంటే అద్భుతమైన దారి. కానీ పుస్తకాల్లోకి ఎక్కినవాళ్లే ఈ లెక్కలోకి వస్తారు, మన దగ్గర వేమన కాలమే ఎవరికి వారు ఒకటి చెప్తారు, ఇక కొండపల్లి బొమ్మలు చెక్కినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలో వెతుకుతాం?

మూడోది వ్లాద్ గ్లవేయాను దారి, నా ఓటు దీనికే. రొమేనియా ఆయనది, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తూ తిరిగి తన దేశంలోనే ఉత్తరాన చొకనెష్టి అనే ఊరికి వెళ్లి ఈస్టర్‌కి గుడ్ల మీద ముగ్గులేసేవాళ్ల దగ్గర కూర్చున్నాడు. తెల్ల గుడ్డు మీద కరిగిన మైనంతో గీత గీస్తారు, పసుపు రంగులో ముంచుతారు, మళ్లీ మైనం, ఎరుపు, మళ్లీ మైనం, నలుపు, చివర్న వేడి చూపించి మైనం తుడిచేస్తే అన్ని రంగులూ ఒక్కసారిగా బయటపడతాయి. చేసేవాళ్ల కంటిచూపుకి దగ్గరగా చిన్న కెమెరా పెట్టి, చెయ్యి ఎక్కడ ఆగింది, ఎక్కడ మనసు మార్చుకుంది అనేది వాళ్లతోనే కూర్చుని చూశాడు. డిజైన్లు అమ్మమ్మల నాటివే అయినా ఏ రెండు గుడ్లూ ఒకేలా రావు, అంటే సంప్రదాయం సృజనకి అడ్డం కాదు, సృజన దానిలోంచే పుడుతుంది అని ఆయన వాదన. నాకు ఇది చాలా ముఖ్యమైన మాట అనిపిస్తుంది, ఎందుకంటే మన పిల్లలకి క్రియేటివ్ అంటే అంతా కొత్తగా ఉండాలి, పాతదంటే కాపీ అని నూరిపోస్తున్నాం.

ఈ దారిలో కష్టం కూడా చెప్పాలి. టైమ్ పడుతుంది, ఒక్క ఊరు చూసి ఇంత పెద్ద మాట ఎలా అంటారు అని వైవాలో తప్పకుండా అడుగుతారు, మనుషులు మిమ్మల్ని నమ్మి పక్కన కూర్చోనివ్వాలి. ఉద్యోగం కోసం దేశాలు మారాల్సి రావచ్చు, ఆయనే డెన్మార్క్, స్విట్జర్లాండ్, ఐర్లాండ్ తిరిగాడు. ఇంట్లో డబ్బు ఇబ్బంది ఉంటే మొహమాటపడకుండా అమాబిలే దారిలోనే వెళ్లండి, అందులో తప్పేం లేదు.

ఇంటి పరిస్థితి పర్లేదు అంటే మాత్రం ఒక్కసారి అష్టావధానం గురించి ఆలోచించండి. అందులో నిషేధాక్షరి అనే అంశంలో అవధాని ఒక్కో అక్షరం చెప్తుంటే, ఎదురుగా కూర్చుని పరీక్షించే పృచ్ఛకుడు తర్వాత రాబోయే అక్షరం ఊహించి అది వద్దంటాడు, ఆయన అక్కడికక్కడ ఇంకో అక్షరంతో, ఛందస్సు చెడకుండా అర్థం పోకుండా పద్యం నడపాలి, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు ఏదో అడుగుతూనే ఉంటాడు. మనిషి సృజన అక్షరం అక్షరానికీ సభ ముందు ఇంత బాహాటంగా జరిగే చోటు ఇంకెక్కడుందో నాకు తోచదు. దీనికి గ్లవేయాను కెమెరా, అమాబిలే జడ్జీల పద్ధతి రెండూ పనికొస్తాయి, జడ్జీలుగా పృచ్ఛకుల్నే పెట్టొచ్చు. కాకపోతే గైడ్‌ని వెతుక్కునే ముందే యతిప్రాసలు, గణాలు నేర్చుకోండి, అవి రాకుండా వెళ్తే అవధాని ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ తప్పించుకున్నాడో కూడా మీకు పట్టుబడదు.