చెత్తబుట్ట ఒకటి కాదు: లినక్స్ మింట్‌లో ఆరేళ్ల వాడకం తరువాత

పదహారు జీబీ పెన్‌డ్రైవ్‌లోని ఫొటోలన్నీ తొలగించినా ఖాళీ ఏమాత్రం పెరగకపోవడంతో, లినక్స్ ఆపరేటింగ్ సిస్టంలో తొలగించిన ఫైళ్లు అసలు ఎక్కడికి పోతాయో వెతకడం మొదలుపెట్టాను. అప్పటికి లినక్స్‌లో ఒక రకమైన మింట్‌ను, సినమన్ అనే డెస్క్‌టాప్‌తో వాడడం మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. డెస్క్‌టాప్ మీద కనిపించే చెత్తబుట్ట ఒక ఫోల్డరే అని అంతవరకు నా నమ్మకం.

నిజానికి ఆ బొమ్మ వెనుక ఉన్నది ఒక్క చోటు కాదు. మన సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్ నుంచి తొలగించినవి అదే హోమ్‌లోని, చుక్కతో మొదలయ్యే పేరున్న 'డాట్ లోకల్' అనే దాగిన ఫోల్డర్‌లో, దానిలోని 'షేర్' లోపల ఉన్న 'ట్రాష్'కు చేరతాయి. ఫైల్ మేనేజర్‌లో కంట్రోల్, హెచ్ మీటలు కలిపి నొక్కితే దాగిన ఫోల్డర్లు బయటపడతాయి. వేరే డిస్కు నుంచి గాని, పెన్‌డ్రైవ్ నుంచి గాని తొలగించినవి మాత్రం ఆ డిస్కులోనే, పై అంచెలో, 'డాట్ ట్రాష్ 1000' వంటి పేరున్న ఫోల్డర్‌లో ఉండిపోతాయి. ఆ 1000 వాడుకరి సంఖ్య, మింట్‌లోనూ, ఉబుంటు అనే మరో లినక్స్ రకంలోనూ మొదటి ఖాతాకు సాధారణంగా అదే వస్తుంది. నా ఫొటోలు పెన్‌డ్రైవ్‌ను వదిలిపోనే లేదు. ఫొటోస్టాట్ దుకాణంలోని విండోస్ కంప్యూటర్‌లో ఆ ఫోల్డర్ బాహాటంగా కనిపించినప్పుడు దుకాణదారు దాన్ని వైరస్ అనుకున్నాడు.

ఈ అమరికకు కారణం ఉంది. ఒకే డిస్కులో ఫైలును జరపడమంటే చిరునామా మార్చడమే కాబట్టి నాలుగు జీబీల వీడియో కూడా క్షణంలో బుట్టలో పడుతుంది. వేరే డిస్కుకు పంపాలంటే మొత్తం నకలు తీయవలసి వస్తుంది.

నాకు బాగా నచ్చినది ఫైలుతోపాటు ఉంచే చీటీ. 'ట్రాష్' లోపల 'ఫైల్స్', 'ఇన్ఫో' అని రెండు ఫోల్డర్లు ఉంటాయి. మొదటిదానిలో అసలు ఫైలు, రెండవదానిలో అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఏ తేదీన ఏ సమయానికి తొలగించామో తెలిపే చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటాయి. పాత చోటుకు తిరిగి చేర్చడం ఈ చీటీ వల్లనే సాధ్యమవుతుంది. తెలుగులో పేరు పెట్టిన ఫైళ్లకు మాత్రం చీటీలో ఒక్కొక్క అక్షరానికి, ఒక్కొక్క గుణింతపు గుర్తుకు మూడేసి శాతం గుర్తులతో కూడిన సంకేతాలు కనిపిస్తాయి. కంగారు పడనవసరం లేదు, 'ఫైల్స్'లో పేరు చక్కగా తెలుగులోనే ఉంటుంది.

ఒకసారి ఇది తెలియక, 'ఫైల్స్'ను మాత్రమే, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ నుంచి ఖాళీ చేశాను. లేని ఫైళ్ల చీటీలు 'ఇన్ఫో'లో అలాగే మిగిలిపోయాయి. రెండు ఫోల్డర్లనూ కలిపే ఖాళీ చేయాలి, లేదా ఆ పని చెత్తబుట్టకే వదిలేయాలి.

అసంతృప్తి ఒకటుంది. టెర్మినల్‌లో ఫైళ్లను తొలగించే 'ఆర్‌ఎం' ఆదేశానికి ఈ బుట్టతో సంబంధమే లేదు, ఫైలు బుట్టలో పడకుండా నేరుగా పోతుంది. షిఫ్ట్‌తో కలిపి డిలీట్ నొక్కినా అంతే. అందుకే టెర్మినల్ నుంచి కూడా బుట్టను వాడనిచ్చే 'ట్రాష్ సీఎల్‌ఐ' అనే ప్యాకేజీని వేసుకుని, దానిలోని 'ట్రాష్ పుట్'తో తొలగిస్తూ, నెలకొకసారి 'ట్రాష్ ఎంప్టీ' పక్కన 30 అని చేర్చి ముప్పై రోజులు దాటినవాటిని వదిలించుకుంటున్నాను. పెన్‌డ్రైవ్‌ను ఎవరికైనా ఇచ్చే ముందు అది తగిలించి ఉండగానే బుట్టను ఖాళీ చేయడం ఇప్పుడు నాకు అలవాటైంది.