గూడబాతుల్ని చూడటానికి ఏది మేలు: నేలపట్టా, ఆటపాకా?

చలికాలం మొదలైతే చాలు, చాలామంది నన్ను అడిగే ప్రశ్న ఇదే. రెండూ పక్షుల కేంద్రాలే. రెండుచోట్లా కనిపించేది ఒకే రకం గూడబాతు (పెలికాన్), బూడిదరంగుది. గూళ్లు కట్టి పిల్లల్ని పెంచే కాలం కూడా ఇంచుమించు ఒకటే, అక్టోబర్ నుంచి మార్చి దాకా.

ప్రయాణం సంగతి తేలిక. విజయవాడ, ఏలూరు, భీమవరం వాళ్లకి ఆటపాక దగ్గర, కైకలూరు పక్కనే. నెల్లూరు, తిరుపతి, చెన్నై వాళ్లకి నేలపట్టు దగ్గర. నాయుడుపేట, సూళ్లూరుపేటల మధ్య దొరవారిసత్రం వైపు వెళ్తే చాలు.

దగ్గరగా చూడాలనుకుంటే ఆటపాకే. పక్షుల కోసం నీళ్లలో ఇనుప స్టాండ్లు వేశారు. వాటి మీద గూళ్లు కట్టుకున్న పక్షుల్ని బోటులోంచి చూడొచ్చు. చిన్నపిల్లలకీ, మామూలు కెమెరా ఉన్నవాళ్లకీ ఇది బాగుంటుంది. ఒకప్పుడు, 1940లలో, ఆటపాక ఉన్న ఈ కొల్లేరు ప్రాంతంలోనే ఆరేడు అనే ఊరి దగ్గర తాటిచెట్ల మీద గూడబాతులు వేలల్లో గూళ్లు కట్టేవి. 1970లు వచ్చేసరికి ఆ స్థావరమే లేకుండా పోయింది. అలాంటి చోట ఇనుప స్టాండ్ల మీదైనా మళ్లీ పిల్లలు పెరుగుతున్నాయంటే నాకు చాలా సంతోషం.

అయినా నా ఓటు నేలపట్టుకే. గూడబాతుల్ని చూడటంలో అసలు విషయం ఎంత దగ్గరగా చూశామన్న దానికంటే, ఒకేచోట ఎంతసేపు ఉండగలిగామన్నదే అని నా నమ్మకం. బోటు షికారు కాసేపట్లో అయిపోతుంది. నేలపట్టులో గట్టు మీదో, వాచ్ టవర్ మీదో పొద్దంతా కూర్చోవచ్చు, పక్షులకీ ఇబ్బంది ఉండదు. చెరువు నీళ్లలో నిలబడిన కడప అనే రకం చెట్ల మీద గూళ్లుంటాయి. తల్లో తండ్రో మేత తెచ్చేదాకా ఓపిక పడితే, పిల్ల దాని గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి తినడం చూస్తాం. పెద్దవి దాదాపు మౌనంగా ఉంటాయి, గోలంతా పిల్లలదే. ఎండెక్కాక ఇంకో అద్భుతం: వేడిగాలి పైకి లేవగానే పెద్ద పక్షులు రెక్కలు ఆడించకుండానే సుళ్లు తిరుగుతూ ఎత్తుకు లేచి, పులికాట్ వైపు మేతకి వెళ్తాయి. అందుకే తెల్లవారుజామున చూసేసి ఎనిమిదింటికల్లా వెనక్కి బయలుదేరకండి.

నేలపట్టుతో ఒక టెన్షన్ ఉంది. అది వాన మీద బతికే చెరువు. ఈశాన్య రుతుపవనాలు ముఖం చాటేస్తే చెట్ల కింద నీళ్లుండవు, పక్షులు ఆలస్యంగా వస్తాయి, కొన్నేళ్లు బాగా తగ్గిపోతాయి. అలాంటి ఏడాది ఆటపాకకే వెళ్లమంటాను.

మిగతావాటిలో గుంటూరు దగ్గరి ఉప్పలపాడు ఒక సాయంత్రానికి సరిపోతుంది. ఉత్తరాంధ్ర వాళ్లకి టెక్కలి దగ్గర తేలినీలాపురం ఉండనే ఉంది.

నేలపట్టుకే వెళ్తే జనవరి మంచిది, అప్పటికి పిల్లలు కాస్త ఎదిగి ఉంటాయి. బైనాక్యులర్లు, తిండి, నీళ్లు వెంట తీసుకెళ్లండి. బయలుదేరే ముందు చెరువులో నీళ్లున్నాయో లేదో అటవీశాఖ వాళ్లని అడగండి.