తాబేళ్ల నడకకు 700, ఫ్లడ్‌లైట్లకు 4,800

మార్చిలో ఒంగోలు నుంచి నెల్లూరు జిల్లా కావలి తీరానికి వెళ్లొచ్చాం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టే కాలమని, వాటిమీద పరిశోధన చేసే మేడమే రాత్రిపూట దగ్గరుండి బీచ్‌లో నడిపిస్తారని మా ఆడపడుచు చెప్పింది. ప్రయాణం గురించి చెప్పడానికేమీ లేదు, అంతా హైవే. చెప్పాల్సింది మేం దిగిన రిసార్టు గురించి.

గది 4,800. మా అమ్మాయికి అదనపు పరుపు 900. గేటు మీద పెద్ద తాబేలు బొమ్మ, పక్కన పచ్చరంగులో 'ఎకో' అని బోర్డు. ఏసీలోంచి నీళ్లు కారి పరుపు మూల తడిసింది, బాత్రూంలో మగ్గు లేదు. అవన్నీ సర్దుకున్నాం. చీకటి పడగానే సముద్రం వైపు తిప్పిన నాలుగు ఫ్లడ్‌లైట్లు వేశారు. ఇసుకలో సూది పడినా దొరికేంత వెలుతురు. కాసేపు ఆర్పమంటే మేనేజరు, "గెస్టుల సేఫ్టీ కోసం మేడమ్, ఇబ్బందైతే కర్టెన్ వేసుకోండి" అన్నాడు. పైగా పొద్దున ఆరింటికి టబ్బులో పిల్ల తాబేళ్లు తెస్తారట. చేత్తో పట్టుకుని ఫొటో దిగి సముద్రంలో వదలొచ్చట, మనిషికి 500. అమ్మాయి ఎగిరి గంతేసింది. మా ఆయన అప్పుడే పర్సు తీశాడు. ముందు నడక కానివ్వమని ఆపాను.

నడక రాత్రి పదకొండింటికి, పడవలు లాగిపెట్టే చోటు నుంచి. మనిషికి 700. "ఇసుకలో నడవడానికి ముగ్గురికి 2,100 ఆ?" అని మా ఆయన దారంతా సణుగుడే. మేడమ్ ముందుగా ఫోన్లన్నీ ఆపు చేయించారు. ఎర్ర కాగితం అంటించిన టార్చి ఆమె చేతిలో ఒకటి, వెంట ఉన్న మత్స్యకారుల చేతిలో ఒకటి, అంతే. చాలాసేపు ఏమీ లేదు, దోమలు తప్ప. తర్వాత కనిపించింది చచ్చిన తాబేలు. మేడమ్ టేపు పెట్టి డిప్ప కొలిచి రాసుకున్నారు, మళ్లీ లెక్కలోకి రాకుండా దాని మీద పెయింటు గుర్తు వేశారు. ఇవి ఊపిరితిత్తులతో గాలి పీల్చేవి, పడవలు ఈడ్చుకెళ్లే ట్రాల్ వలలో ఇరుక్కుంటే పైకి రాలేక ఊపిరాడక చనిపోతాయి. వలకు తాబేళ్లు తప్పించుకునే దారి ఉన్న పరికరం బిగిస్తే బతుకుతాయిగానీ, ఆ దారిలో చేపలు కూడా పోతాయని పడవల వాళ్లకు అనుమానం. ఈ మాట చెప్పింది మేడమ్ కాదు, పక్కనున్న మత్స్యకారుడే. అందుకే నమ్మబుద్ధేసింది.

రాత్రి రెండు గంటలు దాటాక ఆ మత్స్యకారుడే "మాట్లాడబాకండమ్మా, కూర్చోండి" అన్నాడు. పది అడుగుల దూరంలో తాబేలు. వెనక కాళ్లతో ఒకదాని తర్వాత ఒకటి ఇసుక తోడి పక్కన పెడుతోంది, ఒక్క రేణువు లోపలికి జారకుండా. గుడ్లు పెట్టడం మొదలయ్యాకే దగ్గరికి వెళ్లనిచ్చారు. కళ్ల నుంచి జిగటగా నీళ్లు కారుతుంటే అమ్మాయి "ఏడుస్తోందా?" అని అడిగింది. ఏడుపు కాదట, ఒంట్లో ఎక్కువైన ఉప్పును అలా బయటికి పంపుతుందట. గుంత పూడ్చాక ఒళ్లంతా అటూ ఇటూ ఊపి పొట్టతో ధబధబా ఇసుక దిమ్మిస కొట్టింది. మా ఆయన సణుగుడు అక్కడ ఆగిపోయింది.

అది నీళ్లలోకి వెళ్లాక గుడ్లను అటూ ఇటూ తిప్పకుండా, ఉన్నవి ఉన్నట్టు తీసి హేచరీకి మార్చారు. 112 గుడ్లు. అక్కడ పైన నీడ వల కట్టారు. ఇసుక బాగా వేడెక్కితే ఆడపిల్లలే ఎక్కువ పుడతాయి, అందుకని. 45 నుంచి 60 రోజుల్లో పొదుగుతాయి. పిల్లలు రాత్రి బయటికొచ్చి వెలుతురున్న వైపు పాకుతాయి. మామూలుగా ఆ వెలుతురు సముద్రం మీదే ఉంటుంది. రిసార్టు లైట్లుంటే అటే పాకి, తెల్లారేసరికి కుక్కలకూ కాకులకూ దొరికిపోతాయి. ఇక టబ్బు సంగతి. పొట్టలో మిగిలిన సొనతోనే మొదటి రోజంతా ఆగకుండా ఈది ఒడ్డుకు దూరంగా పోవాలట. టబ్బులో ఉంచితే ఆ శక్తంతా అక్కడే ఖర్చయిపోతుంది. పైగా 1972 వన్యప్రాణి చట్టంలో ఇవి మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పట్టుకోవడమే నేరం. అటవీశాఖకు తాను చెబుతానన్నారు మేడమ్. మా 2,100 లో కాపలా కాసే మత్స్యకారులకు ఎంత పోతుందో మా ఆయన అడిగితే నోటుబుక్కు తెరిచి చూపించారు. సగం పైనే.

ఫొటో లేదనేసరికి అమ్మాయి పొద్దున టిఫిన్ దాకా మాతో మాట్లాడలేదు. బిల్లులో 'బీచ్ లైటింగ్' కింద 200 వేసుంటే మా ఆయన అరగంట గొడవపడి తీయించాడు.

వెళ్లేవాళ్లు జనవరి, మార్చి మధ్య వెళ్లండి, శనివారం వద్దు. నల్లరంగు బట్టలు, దోమల క్రీము మర్చిపోవద్దు. తీరంలో దిగకండి, కావలి ఊళ్లోనే 1,300 కి శుభ్రమైన ఏసీ గది దొరుకుతుంది. ఆటో వెయిటింగుతో కలిపి 600 అడుగుతారు, 450 కి వస్తారు. మధ్యాహ్నం భోజనం పడవల దగ్గర గుడిసెలోనే చెయ్యండి. మామిడికాయ వేసి ముందురోజు కాచిన చేపల పులుసు, అన్నం, 120. మా ఆయన మూడోసారి వడ్డించుకున్నా ఆ అమ్మ ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు.