ఇంకవీలియా, కాండన్, బ్రయంట్: కాలేజీ బేస్‌బాల్‌లో ఎవరు మేటి?

2024లో అమెరికాలోని జార్జియా యూనివర్సిటీ కుర్రాడు చార్లీ కాండన్ 37 హోమ్ రన్లు (బంతిని గోడ దాటించే దెబ్బలు) బాదినప్పటి నుంచి ఒకటే ప్రశ్న, ముఖ్యంగా అట్లాంటా వైపు ఉన్న మనవాళ్ల నుంచి: కాలేజీ ఆటలో ఇతన్ని మించిన హిట్టర్ ఎవరైనా ఉన్నారా? కాస్త పాతకాలం వాళ్లయితే వెంటనే పీట్ ఇంకవీలియా పేరు ఎత్తుతారు. నా ఓటు మాత్రం ఇద్దరికీ కాదు.

ముందు అంకెలు చూద్దాం. ఓక్లహోమా స్టేట్ తరఫున 1985లో ఇంకవీలియా 75 మ్యాచ్‌లలో 48 హోమ్ రన్లు కొట్టాడు. 143 ఆర్‌బీఐలు (అతని బ్యాటింగ్ వల్ల జట్టుకు వచ్చిన పరుగులు), .464 సగటు (అంటే వెయ్యి అవకాశాలకు 464 హిట్లు), 1.140 స్లగింగ్ (ఒక్కో అవకాశానికి సగటున దక్కిన బేస్‌లు). మూడేళ్లలో మొత్తం 100 హోమ్ రన్లు. కాండన్‌వి 60 మ్యాచ్‌లలో 37, సగటు .433, స్లగింగ్ 1.009. నేను చెప్పబోయే మూడో మనిషి క్రిస్ బ్రయంట్. యూనివర్సిటీ ఆఫ్ శాన్ డియేగో తరఫున 2013లో 62 మ్యాచ్‌లలో 31 హోమ్ రన్లు, సగటు .329, స్లగింగ్ .820. అంకెలు పక్కపక్కన పెడితే బ్రయంట్ ఏ గడిలో చూసినా మూడోవాడే. అయినా నేను అతని వైపే మొగ్గుతాను. కారణం అతని చేతిలో ఉన్న బ్యాట్, అతను కొట్టిన బంతి.

కాలేజీల్లో అల్యూమినియం బ్యాట్లు 1974లో వచ్చాయి. చెక్క బ్యాట్‌కి బంతి తగిలితే చెక్క వంగదు, బంతే నొక్కుకుపోతుంది. అలా నొక్కుకుపోవడంలోనే దాని శక్తి చాలావరకు వృథా అవుతుంది. లోపల బోలుగా ఉండే లోహపు బ్యాట్ అలా కాదు. పల్చటి గోడ కాస్త లోపలికి వంగి, మళ్లీ బంతిని ఎదురు తన్నుతుంది. పైగా తేలిక, కాబట్టి చేయి వేగంగా తిరుగుతుంది. ఇంకవీలియా ఆడింది ఇలాంటి బ్యాట్ల మీద పెద్దగా ఆంక్షలు లేని రోజుల్లో. కాలేజీల జాతీయ ఛాంపియన్‌ను తేల్చే టోర్నీ కాలేజీ వరల్డ్ సిరీస్. 1998లో దాని ఫైనల్లో సదరన్ కాలిఫోర్నియా 21–14తో అరిజోనా స్టేట్‌ను ఓడించింది. బేస్‌బాల్ స్కోరులా ఉందా అది? అప్పుడు గాని కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ మేలుకోలేదు. బ్యాట్ బరువుకూ లావుకూ హద్దులు పెట్టింది. 2011 నుంచి అసలు మందు వేసింది: బ్యాట్ బంతిని ఎంతవరకు ఎదురు తన్నవచ్చో హద్దు పెట్టే బీబీకార్ ప్రమాణం. ఆ బ్యాట్ పేరుకే లోహం, ఎదురు తన్నే గుణం చెక్క దరిదాపులకు దిగింది. జట్టుకు మ్యాచ్‌కు 2010లో 0.94గా ఉన్న హోమ్ రన్ల సగటు మరుసటి ఏడాదే 0.52కి పడిపోయింది.

ఇక బంతి. 2014 దాకా కాలేజీ బంతి కుట్లు ఉబ్బెత్తుగా ఉండేవి. గాలిలో ఆ కుట్లే బంతిని వెనక్కి లాగుతాయి. ఒకే వేగంతో, ఒకే కోణంలో ప్రయోగించి చూస్తే ఉబ్బెత్తు కుట్ల బంతి 367 అడుగులు, చదును కుట్ల బంతి 387 అడుగులు వెళ్లింది. ఇరవై అడుగుల తేడా అంటే గోడ దగ్గర ఫీల్డర్ పట్టే క్యాచ్ కాస్తా ప్రేక్షకుల్లో పడటం. 2015లో కాలేజీలు చదును కుట్ల బంతికి మారాయి.

అంటే 2011 నుంచి 2014 వరకు, ఆ నాలుగు సీజన్లలోనే, చచ్చుబడ్డ బ్యాటూ పాత బంతీ రెండూ కలిసి హిట్టర్ నెత్తిన కూర్చున్నాయి. ఇంకవీలియాకు బంతి పాతదే అయినా బ్యాట్ తోడుంది. కాండన్‌కు బ్యాట్ చచ్చుదే అయినా బంతి సాయం చేసింది. బ్రయంట్‌కు రెండూ లేవు. 2013 కాలేజీ వరల్డ్ సిరీస్‌లో, 14 మ్యాచ్‌లలో, అన్ని జట్లూ కలిపి కొట్టినవి 3 హోమ్ రన్లు. అదే ఏడాది ఈ ఒక్కడు 31. కాలేజీ ఆటలో పై అంచె అయిన డివిజన్ 1లో ఉన్న 296 జట్లలో 223 జట్లు, ఏడాదంతా జట్టు మొత్తం కలిసి ఆడినా అన్ని కొట్టలేకపోయాయి. ఇలాంటి వాక్యం ఇంకవీలియా గురించి గాని కాండన్ గురించి గాని నేను రాయలేను.

కాండన్ పక్షాన బలమైన వాదన ఒకటుంది, దాన్ని దాటేయడం న్యాయం కాదు. అతను ఆగ్నేయ రాష్ట్రాల కాలేజీల లీగ్ ఎస్ఈసీలో ఆడాడు. వారం వారం అక్కడ ఎదురయ్యే పిచర్ల స్థాయి బ్రయంట్ ఆడిన వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో లేదు. ఒప్పుకుంటాను. కానీ అదే ఎస్ఈసీలో, అదే 2024లో, ఫ్లోరిడా కుర్రాడు జాక్ కాగ్లియానోన్ 35 కొట్టాడు. ఓరెగాన్ స్టేట్ నుంచి ట్రావిస్ బజానా 28. అది హోమ్ రన్ల ఏడాది, అందులో కాండన్ అందరికన్నా ముందున్నాడు, అంతే.

బాబ్ హార్నర్, రాబిన్ వెంచురా, రికీ వీక్స్ సంగతేమిటని అడిగేవాళ్లూ ఉన్నారు. హార్నర్ 1978లో అరిజోనా స్టేట్ నుంచి మైనర్ లీగ్ (ప్రొఫెషనల్ ఆటలో కింది మెట్టు) గడప తొక్కకుండా నేరుగా మేజర్ లీగ్ జట్టు అట్లాంటా బ్రేవ్స్‌లోకి వెళ్లాడు. వెంచురా 1987లో వరుసగా 58 మ్యాచ్‌లలో హిట్ కొట్టాడు. వీక్స్ కెరీర్ సగటు .465. ముగ్గురూ గొప్పవాళ్లే, ఈ పోటీలో మాత్రం పక్కన కూర్చోవలసినవాళ్లే. 1974కి ముందు చెక్క బ్యాట్ల వాళ్లు ఆడిన మ్యాచ్‌లే తక్కువ, వాళ్లను ఇందులోకి లాగను.

రెండో స్థానం ఎవరికన్నది ఇంకా చిక్కు ప్రశ్న. అక్కడ ఇంకవీలియా వైపుంటాను. 1985లో మిసిసిపీ స్టేట్ విల్ క్లార్క్ చేతిలోనూ అలాంటి అల్యూమినియం బ్యాటే ఉంది, అతను కొట్టినవి 25. పైగా ఇంకవీలియా మరుసటి ఏడాదే చెక్క బ్యాట్ పట్టుకుని, మైనర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా, టెక్సస్ రేంజర్స్‌కు 30 హోమ్ రన్లు కొట్టాడు. 185 సార్లు స్ట్రైకౌట్ (మూడు స్ట్రైక్‌లతో ఔట్) అయ్యాడనుకోండి, అది వేరే కథ. విచిత్రమేమిటంటే ఏటా మేటి ఆటగాడికిచ్చే గోల్డెన్ స్పైక్స్ అవార్డు 1985లో 48 కొట్టినవాడికి కాదు, ఆ 25 కొట్టిన క్లార్క్‌కు దక్కింది.